మైలకు పరీక్ష ఉంది, విషానికి లేదు

కారంచేడు మారణకాండను మనం భూసంబంధాల కథగా, ఆధిపత్య కులాల అహంకారపు కథగా ఎన్నోసార్లు చదువుకున్నాం. అది మొదలైంది మాత్రం నీళ్ల దగ్గర. దళితులు తాగే చెరువు నీటిని మురికి చేయవద్దని ఒక దళిత యువకుడు అడ్డు చెప్పడం, బిందెతో నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అతనికి అండగా నిలబడటం ఆధిపత్య కులానికి సహించరాని నేరమైంది. మరునాడు, 1985 జూలై 17న, ఆరుగురు దళితులను వేటాడి చంపారు. ఆ నెత్తురు నుంచి ఆంధ్రదేశంలో దళిత ఉద్యమం కొత్త రూపు తీసుకుంది. నాలుగేళ్లకు పార్లమెంటు షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం చేసింది.

ఆ 1989 చట్టంలోని మూడో సెక్షన్‌లో అంతగా చర్చకు రాని ఒక క్లాజు ఉంది. షెడ్యూల్డ్ కులాలవారు, తెగలవారు మామూలుగా వాడుకునే ఊటను గానీ, జలాశయాన్ని గానీ, మరే నీటి వనరును గానీ పాడుచేసి, ఆ వాడకానికి దాని యోగ్యత తగ్గేలా చేస్తే ఆ సముదాయాలకు చెందని వ్యక్తి శిక్షార్హుడని అది చెబుతుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ఈ క్లాజు చదివినప్పుడు మన కళ్ల ముందు మెదిలేది ఊరి చెరువు, గేదె, బకెట్టు. లేదా 2022 డిసెంబరులో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో దళితుల మంచినీటి ట్యాంకులో మలం కలిపిన ఉదంతం. అదే వాక్యాన్ని రసాయన కర్మాగారం పక్కనున్న దళితవాడ బోరు దగ్గర నిలబడి చదివితే దాని అర్థం ఎంత దూరం పోతుంది? ఈ వ్యాసం అడిగే ప్రశ్న అది.

కోటబొమ్మాళి మండలంలోని ఒక దళితవాడలో పుట్టి పెరిగిన నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మా వైపు వరి పొలాలు, టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీలు, ఏటా కొత్తమ్మ తల్లి జాతర. మందుల ఫ్యాక్టరీలకు మా వాడలు పంపేది మనుషుల్ని. రణస్థలం మండలం పైడిభీమవరానికి, పరవాడ ఫార్మాసిటీకి, అచ్యుతాపురానికి, మరీ దూరమైతే పటాన్‌చెరుకు మా పిల్లలు కాంట్రాక్టు కూలీలుగా పోతారు. డ్రమ్ములు దొర్లించడం, రియాక్టర్లు కడగడం, అడుగున పేరుకున్న మడ్డిని సంచులకెత్తడం వారి పని. ఎండీసీ, టోలిన్, మిథనాల్, ఎసిటోన్ అనే పేర్లు మా వాడల్లో పదో తరగతి తప్పినవారి నోట కూడా పలుకుతాయి. వీటిని మనం సాల్వెంట్లు అంటున్నాం, పాఠ్యపుస్తకం ద్రావణులు అంటుంది. మందు బిళ్లలో ఇవి ఉండవలసిన అవసరం లేదు. కానీ ఆ బిళ్ల తయారయ్యే దారిలో వాడే పదార్థాల బరువు లెక్క కడితే అందులో అత్యధిక భాగం సాల్వెంట్లదే. బిళ్ల దేశదేశాలకు పోతుంది. వాడేసిన సాల్వెంటు ఎక్కడో ఒకచోట మిగులుతుంది.

అది మా ఇళ్లకు వచ్చే దారి ఒకటి నా కళ్లారా చూశాను. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. రెండు వందల లీటర్లు పట్టే ఆ డ్రమ్ము కొత్తది కొనాలంటే కూలివారికి భారం, పాతది చవక. కుళాయి రోజూ రాని వాడలో నీళ్లు నిలవ చేసుకోవడానికి అంతకన్నా వీలైనది లేదు. ప్రమాదకర రసాయనాలు నింపిన ఖాళీ డ్రమ్ము కూడా ప్రమాదకర వ్యర్థమేనని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అయితే సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగితే పోయేది పైపైని వాసనే. టోలిన్, ఎండీసీ వంటివి ప్లాస్టిక్ గోడలోకి ఇంకుతాయి, తర్వాత పోసిన నీటిలోకి కొద్దికొద్దిగా దిగుతాయి.

రెండేళ్ల కిందట మా వాడలో ఒక బాలింతను చూడబోయాను. భర్త ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు కూలి. పెరట్లో అదే నీలం డ్రమ్ము. ఆమె నన్నడిగింది: "నీల్లు వాసనొస్తన్నాయి తల్లీ. ఆయన బట్టలూ ఆ వాసనే. నా పాలకి గానీ ఆ వాసనంటుద్దేటి?" ఆమె చదువు అయిదో తరగతి. ఆ ప్రశ్న మాత్రం వైద్యశాస్త్రం అడిగిన ప్రశ్నే.

1977లో కెనడా వైద్య సంఘం పత్రికలో ఒక కేసు అచ్చయింది. హాలిఫాక్స్ నగరంలో ఆరు వారాల పసిబిడ్డకు కామెర్లు. కాలేయం వాచింది. మామూలు కారణాలేవీ దొరకలేదు. విచారిస్తే తండ్రి తోలు దుస్తులు శుభ్రపరిచే చోట పనివాడని, తల్లి మధ్యాహ్న భోజన వేళల్లో అతని దగ్గరకు వెళ్లి కూర్చునేదని తేలింది. అక్కడ వాడే టెట్రాక్లోరోఎథిలీన్ అనే సాల్వెంటు ఆమె పాలలో కనిపించింది. ఆ పాలు ఆపాక బిడ్డ కోలుకుంది. తల్లి ఆ పనిచోట ఉద్యోగి కాదు. హాజరు పట్టీలో ఆమె పేరు లేదు. భర్త పక్కన కూర్చుని పీల్చిన గాలి చాలింది. ఒకే ఒక్క బిడ్డ కథ నుంచి లోకమంతటికీ సూత్రం కట్టలేం. అయినా సాల్వెంటు తల్లి పాలదాకా చేరగలదన్న సంగతి నలభై ఏళ్లకు పైగా వైద్యలోకానికి తెలుసు.

అది ఎలా జరుగుతుందో చెప్పడం కష్టం కాదు. ఈ రసాయనాలు కొవ్వులో సులువుగా కరుగుతాయి. తల్లి పాలలో నూటికి సుమారు నాలుగు పాళ్లు కొవ్వు. రక్తంలో చేరినది పాలలోకి జారుతుంది. డీడీటీ వంటి పురుగుమందులు ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తాయి. సాల్వెంట్లు అలా నిలవవు. మూలాన్ని ఆపేస్తే గంటల్లో, రోజుల్లో ఊపిరి ద్వారా, మూత్రం ద్వారా చాలా మటుకు బయటకు పోతాయి. అంటే తల్లి పాలలో ఇవి పదే పదే కనిపిస్తున్నాయంటే, ఆమె తాగే నీటి నుంచో, పీల్చే గాలి నుంచో అవి రోజూ వచ్చి చేరుతున్నాయని అర్థం.

నీరు తాగడం ఒక్కటే దారి అనుకోకూడదు. ఇవి ఆవిరయ్యే గుణమున్నవి. కలుషితమైన నీటిని కాచి, గాలి ఆడని చోట స్నానం చేస్తే, ఆ ఆవిరి ద్వారా, చర్మం ద్వారా ఒంటికి చేరే మోతాదు తాగడం వల్ల చేరే మోతాదుతో సరితూగగలదు. మన ఇళ్లలో బాలింతకు తలుపులు మూసి, సలసల కాగే నీళ్లు పోస్తాం. బిడ్డనూ అక్కడే కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తాం. ఆ ఆచారంలో తప్పు లేదు. ఆ నీళ్లలో ఏముందో చెప్పగలిగినవారు ఆ తల్లికి చెప్పకపోవడంలో ఉంది తప్పు.

పరిమాణం గురించి ఒక చిన్న లెక్క. లోహాల జిడ్డు వదలగొట్టడానికి వాడే ట్రైక్లోరోఎథిలీన్‌ను క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. అమెరికాలో తాగునీటిలో దానికి ఉన్న గరిష్ఠ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఈ ద్రవం లీటరు బరువు దాదాపు 1.46 కిలోలు. ఒక్క లీటరు నేలలోకి ఇంకి పూర్తిగా కలిస్తే సుమారు 29 కోట్ల లీటర్ల నీటిని ఆ పరిమితికి చేర్చగలదు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. రెండు వేల జనాభా ఉన్న ఊరికి అది ఏడేళ్ల నీరు. పైగా ట్రైక్లోరోఎథిలీన్, ఎండీసీ నీటికన్నా బరువైనవి. నేలలోకి దిగి, భూగర్భజలం అడుగున పేరుకుని, ఏళ్ల తరబడి మెల్లగా కరుగుతుంటాయి. ఫ్యాక్టరీ మూతపడినా బోరు కోలుకోదు.

ఇది మన దేశంలో జరగని కథ కాదు. భోపాల్ అంటే 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి వెలువడిన విషవాయువే అందరికీ గుర్తు. ఆ రాత్రికి ముందు ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ ఆవరణలోనూ, పక్కనున్న ఎండుగుంటల్లోనూ పోసిన వ్యర్థాలు చుట్టుపక్కల బస్తీల నీటిలోకి దిగిన సంగతి రెండో భోపాల్. 1999లో గ్రీన్‌పీస్ పరీక్షల్లో ఆ బస్తీల చేతిపంపుల నీటిలో కార్బన్ టెట్రాక్లోరైడ్, క్లోరోఫాం దొరికాయి. 2002లో ఒక నిజనిర్ధారణ బృందం అక్కడి తల్లుల పాలలో క్లోరోఫాం, డైక్లోరోమీథేన్ ఉన్నట్లు నివేదించింది. ఆ డైక్లోరోమీథేనే మా కుర్రాళ్లు ఎండీసీ అని పిలిచేది. 2004లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని ఆ బస్తీలకు మంచినీళ్లు సరఫరా చేయమని చెప్పవలసి వచ్చింది. అక్కడ నివసించేది ఎవరు? పేద ముస్లింలు, దళితులు, వెనుకబడిన కులాల కూలీలు.

మన పటాన్‌చెరు చరిత్ర కూడా తక్కువేమీ కాదు. నక్కవాగు పక్క గ్రామాల రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. ఆ వ్యాజ్యం అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేతులు మారింది. అందరి వ్యర్థాలనూ శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు వచ్చాక సమస్య తీరుతుందన్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్లాంటు నుంచి బయటకు వచ్చే శుద్ధి చేసిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనుగొన్నారు. రెండేళ్ల తర్వాత చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. ఫ్యాక్టరీ అమ్ముకోదలచిన విలువైన సరుకే బావిలోకి వచ్చిందంటే, అది పారబోయదలచిన సాల్వెంటుకు ఆ దారి మూసి ఉంటుందని నమ్మడానికి ఏ ఆధారం ఉంది?

ఉత్తరాంధ్రలో సాల్వెంటు వార్తల్లోకి వచ్చేది మంట అంటుకున్నప్పుడే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. లీకైనది మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే సాల్వెంటు. ఇదే రసాయనం పెట్రోలులో కలిపినది భూమిలోకి ఇంకి తాగునీటి బావుల్లో తేలడంతో 1996లో అమెరికాలోని శాంటా మోనికా నగరం తన బావులు మూసేసుకుంది. గాలిలో పేలితే మనకు కనబడుతుంది, శవాలను లెక్కపెడతాం, పరిహారం ప్రకటిస్తాం. నీటిలో కలిస్తే చప్పుడు ఉండదు.

ఇది కాలుష్య సమస్యే కదా, కుల సమస్య ఎలా అవుతుందని అడిగేవారుంటారు. నీరు కులం చూసి పారదు, నిజమే. పల్లం చూసి పారుతుంది. ఊరికి పల్లాన, కాలువ చివరన, మురుగు పోయే దిక్కున దళితవాడను పెట్టినవాళ్లు ఆ పల్లాన్ని కులం చూసే నిర్ణయించారు. పారిశ్రామిక వాడకు భూమి కావలసినప్పుడు మొదట గుర్తొచ్చేవి డి-పట్టా భూములు, పోరంబోకులు, అంటే పేదల చేతిలో ఉన్న భూములు. భూమి పోయినవాడికి ఫ్యాక్టరీలో దొరికేది డ్రమ్ములు కడిగే పని. నీరు పాడయ్యాక ఊళ్లో స్తోమత ఉన్నవాళ్లు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటారు. వాడలో తాగడానికి ఒక టిన్ను కొన్నా, వంటకు, స్నానానికి, బిడ్డకు నీళ్లు పోయడానికి బోరే దిక్కు. ఆర్ఓ ప్లాంటు ఉప్పును తీస్తుంది. చిన్న అణువులున్న సాల్వెంట్లను నమ్మకంగా తొలగించడానికి మంచి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ కావాలి, దాన్ని వేళకు మార్చాలి.

ఇక్కడ మన సమాజపు ఒక విచిత్రాన్ని గమనించాలి. మైలను కనిపెట్టడానికి కులవ్యవస్థకు ఏ ప్రయోగశాలా అవసరం రాలేదు. దళితుడి నీడ పడితే చాలు, బావి మైలపడిందని ఊరంతా ఏకగ్రీవంగా తేల్చేది. రుజువు అడిగినవాడు లేడు. దళితుడి బావిలో విషం పడితే మాత్రం రుజువు కావాలి. ఏ కంపెనీది, ఏ తేదీన, ఎంత మోతాదు, నీ రోగానికి ఇంకే కారణమూ లేదని ఎలా చెప్పగలవు? పుట్టుకే రుజువైన చోట శుద్ధి చేయించుకున్నారు. పరీక్ష కావలసిన చోట పరీక్షే లేకుండా చేశారు.

లేకుండా చేశారన్నది అలంకారంగా అంటున్న మాట కాదు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. 2012లో సవరించిన ఆ ప్రమాణంలో పాదరసం, సీసం, ఆర్సెనిక్, పురుగుమందులు ఉన్నాయి. నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసినప్పుడు పుట్టే కోవలో క్లోరోఫాం ఉంది. ట్రైక్లోరోఎథిలీన్, డైక్లోరోమీథేన్, టోలిన్ పేర్లు ఆ పట్టికల్లో లేవు. ఇక పల్లెల్లో వాడే ఫీల్డ్ టెస్ట్ కిట్ చూసేది ఉదజని సూచిక, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము వంటివాటిని. సాల్వెంటును పట్టుకోవాలంటే గాలి చొరని సీసాలో నమూనా తీసి, చల్లగా ఉంచి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఉన్న ప్రయోగశాలకు పంపాలి. మూత తీసిన బాటిల్లో పట్టుకెళ్లిన నీళ్లలో దారిలోనే సగం ఆవిరైపోతుంది. అలాంటి నమూనా మీద "నీరు సురక్షితం" అని చీటీ రాస్తే అది అబద్ధం కానక్కరలేదు, కొలవనిదాన్ని గురించి మౌనం. ఆ మౌనమే అన్ని కంపెనీలకూ ఇప్పటిదాకా రక్షణ.

రుజువు లేకుండా ప్రభుత్వం ఏమి చేయగలదని అడిగేవారికి మా జిల్లాలోనే జవాబుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా ఒక్క మాట మీదకు రాలేదు. అది సాల్వెంట్ల వల్లనని నేను అనడం లేదు. అయినా దశాబ్దాల పోరాటం తర్వాత హిరమండలం జలాశయం నుంచి ఏడు మండలాల్లోని 807 ఆవాసాలకు నీరిచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. కారణం తేలకముందే నీళ్లు మార్చారు. మార్చడం సరైన పని. ఉద్దానానికి వర్తించిన ఆ వివేకం ఫ్యాక్టరీ పక్క దళితవాడకు ఎందుకు వర్తించదు?

అమెరికాలో క్యాంప్ లెజూన్ అనే మెరైన్ కోర్ స్థావరంలో 1953 నుంచి 1987 దాకా సైనిక కుటుంబాలు ట్రైక్లోరోఎథిలీన్, టెట్రాక్లోరోఎథిలీన్ కలిసిన కుళాయి నీరు తాగాయి. బాధితులు దశాబ్దాలు పోరాడాక, 2022లో వారికి పరిహార దావాల హక్కునిస్తూ చట్టం వచ్చింది. వారికి ఒక ఆధారం ఉంది. ఎవరు ఏ నెలలో ఏ క్వార్టరులో ఉన్నారో సైన్యం రికార్డుల్లో ఉంది. మా కాంట్రాక్టు కూలికి హాజరు పట్టీయే నికరం కాదు. మేస్త్రీ మారితే మూడేళ్ల కొలువు చరిత్రే చెరిగిపోతుంది. రేపు శాస్త్రం రుజువు తెచ్చినా, తాను అక్కడ పనిచేశానని రుజువు చేసుకోలేని మనిషికి ఆ శాస్త్రం వల్ల ఒరిగేది లేదు.

తల్లులకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ బిడ్డకు పాలు మానకూడదు. తల్లి పాలు ఇచ్చే రక్షణ ముందు, మామూలు పరిస్థితుల్లో ఈ ఆనవాళ్ల ప్రమాదం చిన్నది. డబ్బా పాలు కలిపేదీ ఆ బోరు నీళ్లతోనే అయితే, బిడ్డకు విషం నేరుగానే అందుతుంది, అమ్మ పాల రక్షణ మాత్రం పోతుంది. మార్చవలసింది నీళ్లను. నన్నడిగిన ఆ బాలింతకు నేను చెప్పింది కూడా ఇదే: పాలు ఆపవద్దు, డ్రమ్ము తీసేయించు, భర్త పని బట్టలు బయటే విప్పి విడిగా ఉతకనీ, నీళ్లు పోసేటప్పుడు గాలి ఆడనీ. ఇవి ఒక ఇంటి జాగ్రత్తలు. ఒక వ్యవస్థ చేసిన దానికి ఒక బాలింత చేత కట్టించే జరిమానా కూడా. కాబట్టి మాట ఇక్కడితో ఆగడానికి వీల్లేదు.

పరిశ్రమ తాను ఏటా కొనే, తిరిగి శుద్ధి చేసే, పోగొట్టుకునే సాల్వెంట్ల లెక్క పేరుపేరునా గ్రామసభ ముందు తెలుగులో పెట్టాలి. కొన్నదానికీ మిగిలినదానికీ మధ్య తేడా ఎక్కడికి పోయిందో ఆ లెక్కే చెబుతుంది. పారిశ్రామిక వాడల చుట్టూ ఉన్న దళిత, మత్స్యకార, ఆదివాసీ ఆవాసాల బోర్లను ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి సాల్వెంట్ల కోసం పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయాలి. తాగునీటి ప్రమాణంలో ఈ రసాయనాలకు పరిమితులు చేర్చాలి. రసాయనాల డ్రమ్ములు బజారుకు రాకుండా, ఎన్ని వెళ్లాయో ఎన్ని నాశనమయ్యాయో లెక్క తేల్చాలి. తల్లి పాల పరీక్ష జరిగితే ఆ తల్లి సమ్మతితో, ఆమె పేరు గోప్యంగా, ఫలితం మొదట ఆమెకే చెప్పి జరగాలి. దానికన్నా ముందు మంచినీళ్ల ఏర్పాటు ఉండాలి. ఖర్చు ఎవరిదన్న సందేహం అక్కర్లేదు. రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామ బావులను పాడుచేసిన రసాయన పరిశ్రమల కేసులో, కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

వీటన్నిటితోపాటు అత్యాచారాల నిరోధక చట్టంలోని నీటి క్లాజును పరిశ్రమల విషయంలోనూ పరీక్షకు పెట్టాలి. ఆ క్లాజులో బకెట్టు అన్న మాట లేదు, పైపు అన్న మాటా లేదు. నీటి వనరుకు వాడకానికి ఉన్న యోగ్యత తగ్గిందా, దాన్ని మామూలుగా వాడుకునేది షెడ్యూల్డ్ కులాలవారు, తెగలవారేనా అన్నదే ప్రశ్న. కంపెనీకి అది వర్తిస్తుందా, ఎవరిని నిందితుడిగా చూపాలి అన్నవి న్యాయస్థానాలు తేల్చవలసిన విషయాలు. వాటిని తేల్చమని అడగాలంటే ముందుగా ఒక పోలీసు స్టేషన్లో ఒక ఫిర్యాదు నమోదు కావాలి. ఆ ఫిర్యాదుకు ఒక నీటి పరీక్ష నివేదిక జతపడాలి. కారంచేడు చెరువుగట్టు మీద సువార్త చేతిలో ఉన్నది బిందె. ఈనాడు మన దళితవాడలకు బిందెతోపాటు గాలి చొరని ఒక నమూనా సీసా, దాన్ని తీసుకుని రసీదు రాసిచ్చే ఒక ప్రయోగశాల కావాలి. ఆ రెండూ ఇవ్వడానికి ప్రభుత్వానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.